మార్వాకి రాని బీమా

మా కోడలు మార్వాకి ఆరోగ్య బీమా ఇవ్వబోమని కంపెనీ తేల్చి చెప్పేసింది. మా అబ్బాయి గ్లెన్ కొట్టాడని ఆసుపత్రి రికార్డులో ఉందట. ఒకసారి దెబ్బలు తిన్న మనిషి మళ్ళీ తింటుందట, అది కంపెనీకి నష్టమట.

డాక్టరుకి ఆ సంగతి చెప్పమన్నది నేనే. దవడ పట్టుకుని ఏడుస్తున్న పిల్లకి "దాచకు, ఉన్నదున్నట్టు చెప్పెయ్" అని నూరిపోశాను. చెప్పింది. ఇప్పుడు విడాకులయ్యాయి, గ్లెన్ పాలసీలోంచి మార్వా పేరు తీసేశారు. బేకరీలో రోజంతా నిలబడి పనిచేస్తోంది. బీమా లేకపోతే అమెరికాలో, మా అయోవా రాష్ట్రంలో చిన్న జబ్బు చేసినా కొంప మునిగినట్టే.

ఏజెంటు హార్లన్ చర్చిలో మా ముందు వరసలో కూర్చుంటాడు. మా వంటింట్లో నేను చేసిన తీపి రొట్టె, రూబార్బ్ ‘పై’, తింటూ నేలచూపులు చూశాడు.

"నా చేతుల్లో ఏముంది వెర్లీన్ గారూ? కంపెనీ రూలు."

"మరి గ్లెన్ పాలసీ?" అంది మార్వా.

"అతనిది అలాగే ఉంది. ఏ జబ్బూ లేదుగా."

"అవును, చేతులు కూడా భేషుగ్గా పనిచేస్తున్నాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. హార్లన్ మాట మార్చబోయాడు.

"కంపెనీ మరీ అంత చెడ్డదేం కాదమ్మా. మీ అత్తగారు మెట్ల మీంచి ఎన్నిసార్లు పడలేదు! మణికట్టు, పక్కటెముకలు... ఒక్కసారీ కాదనలేదు. అప్పటి ఏజెంటు మా నాన్నే, నవ్వేవాడు, ఆ ఇంటికి ఉన్నవే మూడు మెట్లు, ఈవిడ ఎలా పడుతుందో అని."

మార్వా నావైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధం చెప్పిన నాకు బీమా ఉంది, నిజం చెప్పిన పిల్లకి లేదు. తండ్రి చెయ్యి చూస్తూ, నేను మెట్లని తిడుతుంటే వింటూ పెరిగాడు గ్లెన్.

"చట్టం మారితే తప్ప కుదరదు," అన్నాడు హార్లన్. "వచ్చే వారం రాజధాని డెమోయిన్‌లో ఈ రూలు మీదే శాసనసభ విచారణ ఉంది. వెళ్ళి చెప్పుకోండి."

"వెళ్తాం. ముందు నీకు చెప్పనీ. నేనెప్పుడూ మెట్ల మీంచి పడలేదు హార్లన్. మా ఆయన కొట్టాడు."

అతని ఫోర్కు ఆగిపోయింది.

"ఆ మాట నేను వినలేదు," అన్నాడు మెల్లగా. "విన్నానంటే మీ పాలసీకీ ఎసరు."

"అయితే ఇంకోసారి చెప్తాను," అన్నాను. "ఈసారి విను."