గుండు వేసే కోడలు

నా కోడలు నాగజ్యోతి షాట్‌పుట్ వేస్తుంది. పెళ్లికి ముందే దేశం తరఫున రెండుసార్లు విదేశాలకు వెళ్లి వచ్చింది. మా త్రినాథ్ ఆమెను చేసుకుంటానన్నప్పుడు నేను ఆ దేశాల సంగతి అడగలేదు. చేతులు చూశాను. మిరప చేలో పనికొచ్చే చేతులే అనుకున్నాను.

2003లో పాప పుట్టాక దేశం జట్టు క్యాంపు నుంచి ఆమెకు పిలుపు రాలేదు. బిడ్డ తల్లి ఇంకేం వేస్తుందిలే అనుకున్నారు. మళ్లీ పిలవాలంటే గుంటూరు పోటీల్లో పద్నాలుగు మీటర్లు దాటాలి. పాపకు మూడో నెల రాగానే జ్యోతి మా పత్తి చేను పక్కన సాధన మొదలుపెట్టింది. చేలో నీళ్లు పెట్టిన రోజున గుండు నల్లరేగడిలో సగానికి దిగబడేది. గునపంతో తవ్వి తీసి, కడిగి మళ్లీ వేసేది.

"బాలింత ఇనుం ఎత్తడమేంటే పున్నమ్మా? నడుం విరుగుద్ది. నువ్వైనా చెప్పవా?" అంది పక్కింటి రాజ్యం.

"చెప్పాను. నా మాటని గుండు కన్నా దూరం విసిరేసింది."

నిజానికి నా భయమూ అదే. కానీ త్రినాథ్ పుట్టి నెల తిరక్కుండానే నేను మిర్చి టిక్కీలు, ఆ నిండు బస్తాలు, బండికెత్తాను. అప్పుడు రాజ్యంతో సహా ఎవరూ నా నడుం గురించి అడగలేదు.

పోటీ రోజున త్రినాథ్‌కు మిల్లులో సెలవు దొరకలేదు. పాపను ఎత్తుకుని నేనే వెళ్లాను. ఒక్కొక్కరికీ మూడు అవకాశాలే. జ్యోతి గుండును మెడకు ఆనించి వంగగానే పాప ఏడుపందుకుంది. జ్యోతి కాలు వలయం దాటింది. ఎర్రజెండా లేచింది. రెండోసారీ అంతే. ఆమె బనియను పాలతో తడిసిపోవడం గ్యాలరీ మెట్ల మీదున్న నాకు కూడా కనిపించింది.

పాపను బయటికి తీసుకెళ్లాను. రోడ్డు నిండా యార్డుకు పోయే మిర్చి లారీలు. ఆ ఘాటుకు తుమ్మి, ఇంకా గట్టిగా ఏడ్చింది. వెనక్కి వచ్చేశాను. డబ్బా పాలు పడితే ఊసేసింది. మైకులో జ్యోతి పేరు పిలిచారు.

ఏం తోచక ఓ మూల కూర్చుని, పమిట కప్పి, నా రొమ్మే నోటికిచ్చాను. త్రినాథ్ పాలు మానాక ఎండిపోయింది. పాప ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పట్టుకుంది. ముందు వరసలో కుర్రాళ్లు తల తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

జ్యోతి మావైపు చాలాసేపు చూసింది. తర్వాత వంగి, వెనక్కి జారి, గిర్రున తిరిగి చెయ్యి చాపింది. తెల్లజెండా లేచింది. టేపు పట్టి కొలిచారు. పద్నాలుగు దాటి ఇంకో జానెడు.

పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఏడుపు ఆగేసరికి నా గుండె ఆగింది అత్తయ్యా, ఏమైందోనని!" పమిట తీసి చూసి నోరు తెరిచింది. "ఇదేంటి?"

"ఉత్తదే. నమ్మింది పిచ్చిమొహంది."

నవ్వుతూనే పాపను తీసుకుని, మైదానానికి వీపు పెట్టి కూర్చుని పాలిచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది.

"ఇక పిలుస్తారు అత్తయ్యా. వేరే రాష్ట్రంలో, నెలల తరబడి ఆ క్యాంపులోనే ఉండాలి. దీన్ని వదిలి..."

ఆ పద్నాలుగు దాటాలనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. దాటాక ఏమిటన్నది నాకు తట్టనేలేదు. పాప పిడికిలి తల్లి బనియనును వదలడం లేదు.

"ఆ క్యాంపు దగ్గర గది అద్దెకిస్తారా?" అన్నాను.

"మీరొస్తారా? అక్కడి భాష ఒక్క ముక్క రాదు మీకు!"

"దీనికి మాత్రం వచ్చా?" అన్నాను.