అదే విండోలో

పదకొండో కంప్యూటరు ముందు నాగేశప్ప వంగి నిలబడ్డాడు. టూల్స్, ఫోల్డర్ ఆప్షన్స్, ఫైల్ టైప్స్. జాబితాలో వర్డ్ ఫైళ్ల దాకా దిగి, అడ్వాన్స్‌డ్ నొక్కి, ‘అదే విండోలో తెరువు’ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట పక్కన టిక్ తీసేశాడు. తర్వాత ఎక్సెల్‌కి మళ్లీ అదే తంతు. ఇంకా ముప్పై ఐదు మిగిలాయి.

హోసూరులో లారీ బ్రేకుల విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీ, 2004 జూన్‌లో తన కాగితాలన్నీ లోపలివాళ్లకే తెరుచుకునే వెబ్ పేజీలో పెట్టింది. అప్పట్నుంచి ఏ కాగితం మీద నొక్కినా అది వర్డ్‌లో తెరుచుకోకుండా బ్రౌజర్‌లోనే ఇరుక్కుని కూర్చునేది. సగం మెనూలు కనిపించేవి కావు. జనం గంటసేపు దిద్ది, అలవాటుకొద్దీ వెనక్కి వెళ్లే బాణం నొక్కితే అంతా మాయం.

“నిన్న బాగు చేస్తివి కదప్పా, మళ్లా అట్లే వస్తా ఉంది,” అంది డిస్పాచ్ సెక్షన్ మంజులమ్మ.

“నిన్న తీసింది వర్డుకమ్మా. నువ్వు ఇప్పుడు తెరిచింది ఎక్సెల్.”

“రెండూ ఒకే కంప్యూటర్లోనే కదా ఉండేది?”

నాగేశప్ప పళ్లు బిగించి మౌస్ అందుకున్నాడు.

అతనికి యాభై రెండేళ్లు. బక్కపలచటి మనిషి. కళ్లజోడు కాడకు దారం చుట్టి ఉంటుంది. కుడిచేతి వేళ్ల గోళ్ల సందుల్లో టైపు రిబ్బన్ సిరా ఇంకా పూర్తిగా వదల్లేదు. పాతికేళ్లు సైకిలు మీద తిరిగి ఆఫీసుల్లో టైపు మిషన్లు బాగుచేశాడు. అవి మూలపడ్డాక, కూతురి వయసు పిల్లల మధ్య కూర్చుని కంప్యూటరు నేర్చుకుని, ఇక్కడ వాటిని చూసుకునే పనిలో చేరాడు కానీ దాని మీద ఇష్టం మాత్రం కలగలేదు. టైపు మిషన్లో మీట ఇరుక్కుంటే వేలికి తెలిసేది. దీనికసలు రోగమే లేదు. ఎవరో చెప్పినట్టే నడుస్తోంది, ఆ చెప్పినవాడెవడో ఎవర్నీ అడగలేదు.

మూడింటికి డాక్యుమెంట్ల గదిలోంచి కేకలు వినిపించాయి. మేనేజర్ హేమంత్ ఎదుట దాసప్ప చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా అక్కడ టైపిస్టు. ఒకప్పుడు నెలకోసారి అతని మిషన్ శుభ్రం చేసింది నాగేశప్పే.

“ఆ ఆరు పేజీలూ పోగొట్టడం ఇది మూడోసారి! రేపు ఆడిటర్లొస్తారు. టైపు చేసింది కాపాడుకోవడం కూడా రాదా మీకు? రేపట్నుంచి స్టోర్స్‌లో ఉండండి.”

“నేనేం చేసినానో నాకే తెలీలేదు సార్.”

“సార్, ఈయన తప్పు కాదు,” అన్నాడు నాగేశప్ప గుమ్మంలోంచి. “ఇది కంప్యూటర్ సెట్టింగు.”

హేమంత్ ఫోను మోగింది. తర్వాత చూద్దామంటూ వెళ్లిపోయాడు.

“నాకు చెప్పలేదేమప్పా?”

“నా తప్పనుకున్నాను నాగేశప్పా. అందరూ నిన్ను పీక్కు తింటా ఉంటే, నేను కూడా యాడ పిలిచేది?”

నాగేశప్పకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఎక్కువ అరిచినవాళ్ల దగ్గరికే ముందు పోయాడు. నోరెత్తని మనిషి జాబితాలోనే లేడు. మౌస్ మీద చెయ్యి వేశాడో లేదో, భాగాలు బిగించే అసెంబ్లీ విభాగం నుంచి కబురొచ్చింది. అక్కడి కంప్యూటరు తెరుచుకోక లైను ఆగిపోయిందట.

“అర గంటలో వస్తాను. ఈడ్నే ఉండప్పా.”

అసెంబ్లీలో అర గంట రెండున్నర గంటలైంది. పాస్‌వర్డ్ తెలిసినవాడు సూళగిరి వెళ్లాడు. అతను ఫోనులో దొరికేసరికి ప్రాణం విసిగింది.

తిరిగి వచ్చేసరికి డాక్యుమెంట్ల గదిలో ఫ్యాను ఆగి ఉంది. కిటికీలు మూస్తున్న వాచ్‌మన్ ఆంజప్ప వెనక్కి తిరిగాడు.

“దాసప్ప పనికి రాజీనామా ఇచ్చేసి పోయినాడప్పా. ఇప్పుడే, బాగలూరు బస్సుకి. టీ తాగమంటే కూడా నిలబళ్లేదు.”

నాగేశప్ప దాసప్ప కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత కంప్యూటరు వేసి, టిక్ తీసేశాడు. కాగితం మీద నొక్కి చూశాడు. అది విడిగా, అన్ని మెనూలతో, వర్డ్‌లో తెరుచుకుంది. రెండు నిమిషాల పని. లోపల పాత అక్షరాలే ఉన్నాయి, దాసప్ప కొట్టినవేవీ లేవు.

కీబోర్డు పక్కకు జరిపితే తెల్లకాగితాలు కనిపించాయి. మూడుసార్లు పోయిన ఆ ఆరు పేజీలూ, స్కేలుతో గీసిన గీతల మీద, టైపు కొట్టినంత తిన్నగా చేత్తో రాసి ఉన్నాయి. చివర ‘సరిచూసినాను’ అనే మాట, కింద సంతకం.

ఆఖరి పేజీ మీద కొత్తగా మొన చెక్కిన పెన్సిలు ముక్క ఒకటి, దొర్లిపోకుండా అడ్డంగా పెట్టి ఉంది.