కాటయ్య వల

ఆత్మకూరు చెరువు ఆ ఏడు వైశాఖానికే అడుగంటింది. నడుమ మిగిలిన గుంటలో బర్రెలు పడుకుంటే వాటి వీపులు కూడా తడవడం లేదు. చెరువు మీద బతికే సోమమ్మ ఇంటివాళ్ళు రెండు బండ్లు కట్టుకొని కృష్ణ ఒడ్డుకు బయలుదేరారు. ఎండాకాలంలో ఏరు సన్నబడి మడుగులుగా విడిపోయినప్పుడు అక్కడికి వెళ్ళి, పది పదిహేను రోజులు చేపలు పట్టి, ఎండబెట్టుకొని రావడం వాళ్ళకు తాతలనాటి అలవాటు. సూర్యాపేట మీదుగా మిర్యాలగూడ, అక్కడి నుంచి వాడపల్లి, ఆ పైన ఏటి వెంబడి కొండల కిందుగా మట్టపల్లి దాకా. తిరుగుదారి కోదాడ మీదుగా. రజాకార్ల గొడవల్లో రెండేళ్ళు ఆగిపోయి, మళ్ళీ ఇప్పుడే మొదలైంది ఆ ప్రయాణం.

ముందుబండి తోలేది వెంకన్న, సోమమ్మ చిన్నకొడుకు. అందులో సోమమ్మ, వెంకన్న భార్య పుష్పమ్మ, వాళ్ళ ఆరేళ్ళ కూతురు, పెద్దకోడలు బాలనర్సమ్మ. వెనకబండి తండా నుంచి కిరాయికి వచ్చిన బీక్యాది. అందులో ఉప్పు బస్తాలు, కుండలు, మూడు విసురు వలలు. రెండు వెంకన్నవి. మూడోది కాటయ్యది.

కాటయ్య పెద్దకొడుకు, బాలనర్సమ్మ భర్త. పోయిన ఏడు గొడవలు ముదిరినప్పుడు వాళ్ళంతా ఊరు వదిలి జగ్గయ్యపేట దిక్కు సరిహద్దు దాటారు. వాన వెలిసినంక పోదామని కాటయ్య అన్నాడు. వాన ఆగేదాకా రజాకార్లు ఆగుతారా అని వెంకన్న అందరినీ వానలోనే నడిపించాడు. రెండు రోజుల నడక. అవతల శిబిరంలో కాటయ్యకు జ్వరం పట్టుకుంది. తొమ్మిదో రోజుకు పోయాడు.

ఆ ఇళ్ళల్లో చేపలు పంచుకునేటప్పుడు మనిషికి ఒక పాలు, వలకు ఒక పాలు. మనిషి పోయినా, అతని వల చేప పడుతున్నంతకాలం ఆ పాలు అతని భార్యకే వస్తుంది. తోడబుట్టినవాడు దాన్ని విసరాలి. అయితే ప్రయాణమంతా వల ఉత్తగానే లేస్తే, పోయినవాడు దాన్ని తన వెంట తీసుకుపోయాడంటారు. మట్టపల్లి రేవు దాటకముందే దాన్ని నీళ్ళకు వదిలేస్తారు. పాలూ దానితోనే పోతుంది. పిల్లలు లేని ఆడమనిషికి ఆ తర్వాత ఆ ఇంట్లో ఉంటానని అడగడానికి ఏమీ మిగలదు.

బాలనర్సమ్మకు పిల్లలు లేరు. అనంతగిరిలో ఉన్న తమ్ముడు సైదయ్య ముందే కబురు పంపాడు. పున్నమి నాటికి బండి కట్టుకొని కోదాడ వస్తాననీ, అక్కకు అక్కడ కుదరకపోతే తనతో తీసుకుపోతాననీ. సైదయ్య మంచివాడే. కానీ ఒకటే గది ఇల్లు, నలుగురు పిల్లలు. అక్కడ ఎన్నేళ్ళున్నా ఆమె చుట్టమే. ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా వలలు అల్లింది, చేపలు కోసింది, సూర్యాపేట అంగట్లో గంప దించి గొంతు పోయేలా బేరమాడింది. ఈ బండి వదిలి వెళ్ళాలని ఆమెకు లేదు.

మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర మొదటి మజిలీ. వెంకన్న తన వలలు రెండూ విసిరితే నాలుగు బొచ్చెలు, గంపెడు జెల్లలు పడ్డాయి. తర్వాత కాటయ్య వల తీసి, కళ్ళకద్దుకొని, మోకాటి లోతుకు దిగి విసిరాడు. వల గాలిలో విచ్చుకోలేదు. మూసిన గొడుగులా దబ్బున నీళ్ళలో పడింది. లాగితే ఇంత నాచు, ఒక రాయి.

ఎద్దులకు నీళ్ళు పెడుతున్న బీక్యా నవ్వాడు. "ఏందన్నా, చేపలు పడుతున్నవా, బట్టలు పిండుతున్నవా?"

"నువ్వు ఎద్దుల సంగతి సూసుకోరాదు" అని సోమమ్మ కసిరింది.

వెంకన్న మళ్ళీ విసిరాడు. అయిదుసార్లు విసిరాడు. అయిదుసార్లూ అంతే. ఒడ్డుకు వచ్చి వలను ఇసుక మీద పెట్టి, దాని వంక చూస్తూ కూర్చున్నాడు.

"అలిగిండు నా కొడుకు" అంది సోమమ్మ. "రేపు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి మళ్ళ ఎయ్యి."

వల ఎందుకు విచ్చుకోవడం లేదో బాలనర్సమ్మకు తెలుసు.

కాటయ్యది ఎడమచెయ్యి వాటం. అందరిలా సీసపు గుండ్లు సమంగా కడితే వల తన చేతికి సరిగ్గా తిరగడం లేదని, అంచుకు ఒక పక్క బరువు గుండ్లు, ఇంకో పక్క తేలిక గుండ్లు కట్టించుకున్నాడు. కట్టింది ఆమే. మనిషి బతికుండగా అతని వలను ఇంకొకరు ముట్టుకోవడం వాళ్ళల్లో లేదు. బాగుచేసే భార్య తప్ప. అందుకని ఆ సంగతి తల్లికీ తెలియదు, తమ్ముడికీ తెలియదు. కుడిచేత్తో విసిరితే బరువు పక్క ముందు పడి తక్కినదాన్ని లాగేస్తుంది. ఎంత గట్టివాడు విసిరినా అంతే.

వాడపల్లిలో చెప్పవలసిన మాట అది. చెప్పలేదు. ఆ వల ఇంకొక చేతికి లొంగకపోవడం ఆ పూట ఆమెకు లోలోపల సంతోషంగానే ఉండింది. మర్నాడు కొబ్బరికాయ కొట్టినప్పుడు చెబుదామనుకుంది. అప్పుడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. ఆ తర్వాతి రోజుకు మాట ఇంకా బరువెక్కింది. బండ్లు ఏటి వెంబడే తూర్పుకు కదులుతున్నాయి. అవతలి గడ్డన కొండలు దగ్గరపడుతున్నాయి. ప్రతి మడుగు దగ్గరా వెంకన్న ముందు తన వలలు విసిరేవాడు, తర్వాత అన్న వల విసిరేవాడు. ఉత్తదే లేచేది. సోమమ్మ నిమ్మకాయలు కట్టింది, వలకు సాంబ్రాణి పొగ వేసింది. కోదాడ దగ్గరవుతున్న కొద్దీ బాలనర్సమ్మకు రెండు దిక్కులా భయమే. చెప్పకపోతే తన చోటు పోతుంది. చెబితే పదిరోజులు అందరినీ ఆడించినదవుతుంది.

జాన్‌పహాడ్ దాటిన మర్నాడు పొద్దున, బండరాయి మీద కూర్చొని కోడళ్ళిద్దరూ చేపలు కోస్తున్నారు.

"అక్కా, మీ మరిది అన్నం తింటలేడు, సూసినవా?" అంది పుష్పమ్మ.

"ఎండకు గావచ్చు."

"ఎండకు కాదు." పుష్పమ్మ గొంతు తగ్గించింది. "నిన్న నీళ్ళల్ల నిలవడి ఒక్కడే మాట్లాడుతున్నడు. 'అన్నా, వానల నడిపిచ్చిన, తప్పైంది, నీ కాల్మొక్త, వల ఇడువు' అంటున్నడు. నేను విననట్టే ఎనక్కొచ్చిన."

బాలనర్సమ్మ కత్తి ఆగింది.

"మట్టపల్లి కాడ ఆ వల ఇడిసినంక తన వలలు గూడ ఇడుస్తడంట. నీళ్ళల్ల కాలు పెట్టనంటున్నడు. సూర్యాపేట గంజుల హమాలీ జేస్తడంట. పుట్టినకాడికెల్లి బస్తా మోసిన మనిషేనా అక్కా? నువ్వన్న జర సెప్పు. నీ మాట ఇంటడు."

కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి లేచింది బాలనర్సమ్మ. చేతులు కడుక్కుంది, మొహం కడుక్కుంది, మళ్ళీ చేతులు కడుక్కుంది. ఇన్ని రోజులూ వల సంగతి తనదీ కాటయ్యదీ అనుకుంది. వెంకన్న ఏమైపోతున్నాడో చూడనేలేదు.

మధ్యాహ్నం కొండ కింద బండ్లు విప్పారు. ఆమె బీక్యా బండిలోంచి కాటయ్య వల దించి, బండి నీడన పరిచింది. వెంకన్న చూసి వచ్చాడు.

"దాన్నెందుకు తీసినవ్ వదినె? ఇగ వద్దు. రేపు మట్టపల్లి కాడ..."

"గీడ కూసో. ఈ పక్క గుండ్లు పట్టుకో. ఆఁ. ఇగ ఆ పక్కవి పట్టుకో."

వెంకన్న రెండు పిడికిళ్ళలో తూచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అతను చేపలు పట్టేవాడు, చెప్పాల్సిన పని లేదు.

"అన్న కట్టుకున్నదా గిట్ల?"

"కట్టింది నేను. ఆయన ఎడమచేతికి పనికొచ్చేటట్టు."

"అంటే నీకు తెల్సు."

"తెల్సు."

"వాడపల్లి కాడ్నే తెల్సు."

బాలనర్సమ్మ తల వంచుకుంది. "నీ చేతుల గూడ పడితే, ఇగ మీ అన్న లేనట్టే గదా అనిపిచ్చింది. తర్వాత సెప్దామంటే నోరు రాలే."

"పది దినాలసంది సచ్చిన నేను" అన్నాడు వెంకన్న. గట్టిగా అనలేదు. "కండ్లు మూస్తే అన్న వానల నిలవడి నా దిక్కు సూస్తున్నడు వదినె." లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలే ఇసుకలో ఏటి దిక్కు నడిచిపోయాడు.

బండి మీద పడుకున్న సోమమ్మ అంతా విన్నది. మెల్లగా దిగి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అయితే నా కొడుకు అలగలే?"

"లేదత్తా. ఆయన అలిగే మనిషేనా?"

"కాదు" అంది సోమమ్మ. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మూడు కొబ్బరికాయలు కొట్టిపిచ్చినవ్ నాతోని. నిన్ను తిట్టాల్నో కడుపుల పెట్టుకోవాల్నో తెలుస్తలేదు."

"తిట్టత్తా."

"తిడ్త, తిడ్త. ముందుగాల ఆ పని కానియ్యి."

గుండ్లు విప్పడం తేలిక కాదు. సీసపు ముక్కను తాడు చుట్టూ వంచి పంటితో నొక్కి బిగిస్తారు. ఆమె చుట్టి ఇస్తే కాటయ్యే పంటితో బిగించేవాడు, ప్రతి గుండు మీదా అతని పళ్ళ గాట్లు ఉన్నాయి. కింది పన్ను ఒకటి వంకర. ఆ వంకర గాటు ప్రతి దానిలోనూ ఉంది. బాలనర్సమ్మ కత్తి మొన దూర్చి మొదటిది విప్పింది. చదునైన సీసం మీద గాటు చెదిరిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకొని కాసేపు చూసి, రెండోది మొదలుపెట్టింది.

నాలుగోది విప్పుతుండగా వెంకన్న వచ్చాడు. తలంతా తడిగా ఉంది. ఎదురు కూర్చొని అంచుతాడు బిగపట్టాడు.

"ఎన్ని ఇప్పాలె?"

"పద్దెనిమిది. తొమ్మిది బరువైనవి అటు మార్చాలె, తొమ్మిది తేలికవి ఇటు మార్చాలె."

"నువ్వు ఇప్పుతుండు. నేను బిగిస్త." సీసం ముక్కను తాడుకు చుట్టి, పళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. వెంటనే మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. "థూ, సగం సీసం, సగం సాంబ్రాణి!"

పుష్పమ్మ గట్టిగా నవ్వేసింది. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో తెలిసి సోమమ్మ, "నాకేం తెల్సురా" అని తనూ నవ్వింది. పొద్దు వాలేసరికి పని అయింది. రెండు గుండ్లు మాత్రం బాలనర్సమ్మ విప్పలేదు, గాట్లతోనే ఉంచేసింది. సరిపోతాయా అని వెంకన్న అడగలేదు.

మట్టపల్లి మడుగు దగ్గర పొద్దున్నే దిగాడు వెంకన్న. ఈసారి కళ్ళకద్దుకోలేదు. తన వలను మడిచినట్టే మడిచి, మోచేతి మీద వేసుకొని, నడుము తిప్పి విసిరాడు. వల పళ్ళెంలా గుండ్రంగా విచ్చుకొని నీళ్ళ మీద చప్పున పడింది. బాలనర్సమ్మ ఒడ్డున నిలబడి ఉంది. వల అంత చక్కగా విచ్చుకోవడం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. కాటయ్య విసిరితే అది గుండ్రంగా పడేది కాదు, కోలగా పడేది. ఇక అట్లా పడదు.

ఆరు వాలుగలు, ఒక రవ్వ. మామూలు చేపలే. వెంకన్న కేక వెయ్యలేదు. నడుము లోతు నీళ్ళలో అట్లాగే కాసేపు నిలబడి, తర్వాత రెండు దోసిళ్ళ నీళ్ళు తీసుకొని తాగాడు. ఒడ్డుకు వచ్చి, "అమ్మా, ఆకలైతాంది" అన్నాడు.

గోనె పరిచి సోమమ్మ పాలు వేసింది. మనుషులవి వేసింది, వెంకన్న వలలవి వేసింది. ఆఖరున ఇంకొకటి వేసి, "పెద్దకోడలా, నీ వల పాలు తీసుకో" అంది.

కోదాడ చేరేసరికి రోడ్డు పక్క వేపచెట్టు కింద సైదయ్య బండి నిలిపి ఉంది. బండిలో పచ్చగడ్డి ఒత్తుగా పరిచి, దాని మీద కొత్త బొంత వేశాడు, అక్కకు కుదుపు తగలకుండా.

"ఎంత నల్లబడ్డావే అక్కా" అన్నాడు. "ఎక్కు. మీ మరదలు వసారాలో నీకోసం తడిక కట్టింది. లోపల మంచం వేశాం. ఇరుకే అనుకో, సర్దుకుంటాం."

బాలనర్సమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "వల పడ్డది తమ్మీ. నేను వీళ్ళతోనే పోత."

సైదయ్య మొహంలో ముందు ఊరట కనిపించింది. వెంటనే ఆ ఊరటకు తానే సిగ్గుపడి, "అట్లా ఎట్లా? వద్దంటే మేము బాధపడమా?" అని గొంతు పెంచాడు.

"బాధపడ్తవ్, నాకు తెల్వదా. ఆ తడిక తియ్యకుమని సెప్పు. వానలకు చెరువు నిండేదాక మాకు పనుండదు. ఆషాఢంల వచ్చి పది దినాలుంట. పిల్లలకు చేపల పులుసు ఒండిపెడ్త."

"పదిరోజులేనా?"

"చుట్టం ఇంకెన్నాళ్ళుంటదిరా?"

తన పాలులోంచి ఎండుచేపల మూట తెచ్చి అతని బండిలో పెట్టింది. ఉత్త బండి తోలుకుపోవాలా అన్నట్టు సైదయ్య బొంత వంక చూశాడు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని ఆ బండి ఎక్కి బొంత మీద కూర్చుంది.

"మునగాల దిక్కు ఒక మైలు మా ఎంబడి రా. గింత మెత్తగ ఏసినవ్, కూసోకుంటె ఎట్ల?"

మూడు బండ్లు వరుసగా సూర్యాపేట రోడ్డు పట్టాయి. సైదయ్య ఇంటి సంగతులన్నీ చెబుతున్నాడు, చిన్నదానికి పళ్ళు ఊడటం, బర్రె ఈనడం. ఆమె వింటోంది. ఒక మైలు అన్నది రెండు మైళ్ళయింది. చివరికి ముందుబండి ఆగింది. వెంకన్న వెనక్కి తిరిగి అరిచాడు.

"వదినె! దిగుతవా, అందరం అనంతగిరికే రావాల్నా?"

బాలనర్సమ్మ బొంత దులిపి, మడిచి తమ్ముడి పక్కన పెట్టి, బండి దిగింది.