కోర్టుకెక్కిన తువ్వాలు

నేను ఒక నేత తువ్వాలును. తెల్లని ఒళ్ళు, రెండు పక్కలా వేలెడు ఎర్ర అంచు. ముఖం తుడవడానికి పుట్టినదాన్ని. కోర్టు కాగితాల్లో మాత్రం నా పేరు ఎం.ఓ. ఒకటి. నేరానికి సంబంధించిన మొదటి వస్తువు అని దాని అర్థమట. నేరంలో నాకూ వంతు ఉంది కనుక ఆ పేరుకి నేను అలగలేదు.

పేరాల అనే నేతగాళ్ళ ఊళ్ళో, మాణిక్యమ్మ గారి మగ్గం మీద పుట్టాను. ఆవిడ నేసిన చివరి తువ్వాలును నేనే. నన్ను కోసి దించాక ఆవిడ మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకుని, "ఇంక చాల్లే" అని మగ్గానికి దణ్ణం పెట్టింది. నన్ను అమ్మకానికి పంపలేదు. నేసేవాళ్ళ ఇంట్లో కొత్త తువ్వాలు మిగలడం ఎంత అరుదో కొనేవాళ్ళకు తెలియదు.

మగ్గం మీద పోగు తెగితే అతకాలి. మాణిక్యమ్మ గారు చూడకుండానే రెండు కొసలూ వేళ్ళ మధ్య మెలిపెట్టి, ముడి వేసి, మిగిలిన కొసలు గోటితో తుంచేసేది. ఆ ముడి వేలికి తగలకూడదు. తగిలేంత లావుంటే దువ్వెనలాంటి అచ్చులో ఇరుక్కుని పక్క పోగుల్ని కూడా తెంపుతుంది. నా ఒంట్లో అలాంటి ముడులు పదకొండు ఉన్నాయి. మీరు వెతికినా దొరకవు. ఆ వీధిలో ఆడవాళ్ళు ముడి చూసి అది ఎవరి చేతిదో చెప్పేసేవారు.

డెబ్బై ఆరో ఏట ఆవిడ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పిల్లలు లేరు. చెల్లెలి కూతురు హైమావతి ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతుందో తెలియదు. ఆపరేషన్ అయ్యాక, నడక వచ్చేదాకా అని, పెద్దమ్మను గుంటూరులో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చింది. వెంట తెచ్చుకోవలసిన వాటి జాబితాలో రెండు తువ్వాళ్ళు అని ఉంది. అలా నేనూ వెళ్ళాను. గుమ్మం పక్క గోడ మీద 'మీ అమ్మానాన్నలు మాకూ అమ్మానాన్నలే' అని రాసి ఉంది. మనుషులు గోడల మీద రాసుకునేవి చదివితే లోకంలో కోర్టుల అవసరమే ఉండదనిపిస్తుంది.

ఇరవై రెండు మంచాలకు ఒక్క ఆయా, బంగారమ్మ. మాణిక్యమ్మ గారు నడుస్తానంటూ మాటిమాటికీ మంచం దిగబోయేది. ఒక మధ్యాహ్నం మేనేజరు ప్రభాకరం గుమ్మంలో నిలబడి, "మళ్ళీ పడిందంటే నా పీకకి చుట్టుకుంటుంది. కట్టెయ్" అన్నాడు. బంగారమ్మ అటూ ఇటూ చూసి, కొక్కేనికి వేలాడుతున్న నన్ను అందుకుంది. కుడి మణికట్టుకి చుట్టి, మంచం కమ్మీ కింద, అవతలి వైపు, ముడి మీద ముడి వేసింది. నన్ను నేసిన చేతిని నేనే కదలకుండా పట్టుకున్నాను. నాకు నోరు లేదు. ఆ గదిలో నోరున్నవాళ్ళూ ఏమీ అనలేదు.

పదహారు రోజులు అలా గడిచాయి. అన్నం వేళకు విప్పేవారు. హైమావతి వచ్చే ఆదివారం నన్ను ఉతికి ఆరేసేవారు, కమిలిన చోట పౌడరు రాసేవారు. మాణిక్యమ్మ గారు చెప్పబోతే మేనేజరు అందుకుని, "పెద్దావిడకి మతి నిలకడగా ఉండట్లేదమ్మా. ఏవేవో ఊహించుకుంటున్నారు" అనేవాడు. హైమావతి సగం నమ్మింది. ఆ సగానికి ఆమె ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

ఒక బుధవారం ఆమె బస్సు గుంటూరులోనే చెడిపోయింది. ఖాకీ చొక్కాతోనే పెద్దమ్మను చూడ్డానికి వచ్చేసింది. బంగారమ్మ గబగబా ముడి విప్పబోయింది.

"ముట్టుకోమాక!" అంది హైమావతి. మగ్గాల ఇంట్లో పెరిగిన పిల్ల. ముడి అంటే వేసినవాళ్ళ సంతకమని తెలుసు. మందుల ట్రేలోంచి కత్తెర తీసుకుని, ముడి జోలికి పోకుండా నన్ను అడ్డంగా కత్తిరించింది.

చేతి కట్టు ఊడగానే మాణిక్యమ్మ గారు మంచినీళ్ళు అడగలేదు. "నాకు మతి పోలేదే, హైమా" అంది.

హైమావతి ఫిర్యాదు మీద వచ్చిన పోలీసులు నా రెండు ముక్కల్నీ కవరులో పెట్టి, సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల చేత సంతకాలు చేయించి, లక్క ముద్ర వేశారు. ప్రభాకరం తరఫున ఒక పెద్దమనిషి రాజీకి వచ్చాడు. "ఈ వయసులో ఆవిణ్ణి కోర్టుల చుట్టూ తిప్పడం ఏం బావుంటుందమ్మా?"

"డాక్టరు గారు రోజూ నడవమన్నాడు, నాయనా," అంది మాణిక్యమ్మ గారు. "ఆ నడిచేదేదో కోర్టు చుట్టూనే నడుత్తా."

ఏడాదిన్నర కోర్టు బీరువాలో ఉన్నాను. నా పక్కన ఒక కొడవలి ఉండేది. తన సంగతి ఒక్కనాడూ చెప్పలేదు.

విచారణ రోజున ప్రభాకరం వకీలు మాణిక్యమ్మ గారిని అడిగాడు. "మీరు నేతపని చేసేవారు. చేతులు ఊరుకోవు. మీరే కట్టుకుని, ఆ సంగతి మర్చిపోయారు. అవునా?"

ఆలోచించి తెచ్చుకున్న ప్రశ్నే. మగ్గం ఎరిగినవాడైతే అడిగి ఉండడు.

"ఒంటి చేత్తోనా బాబూ? మంచం అవతల, కమ్మీ కిందా?" ఆవిడ నవ్వింది. తర్వాత మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి, "నా ముడి ఎట్టుంటదో చూపిత్తానమ్మా" అంటూ నా తెగిన అంచు మీదికి చెయ్యి చాపింది.

"ఆ వస్తువును తాకకూడదమ్మా," అంది మేజిస్ట్రేటు.

"నేనే నేశాను తల్లీ."

"అయినా సరే."

ఆవిడ తన పమిట కొంగులోంచే ఒక పోగు లాగింది. మధ్యకు తెంపింది. వకీలు ముఖంలోకి చూస్తూనే అతికి, గోటితో కొసలు తుంచి అందించింది. మేజిస్ట్రేటు ఆ పోగును రెండు వేళ్ళ మధ్య ఈ కొస నుంచి ఆ కొసకు జార్చి చూసింది. మళ్ళీ చూసింది.

"ముడి ఏదీ?"

"ఉందమ్మా. తమకి తగల్లేదు, అంతే." నా ఒంటి మీది పిడికెడు ముడిని వేలితో చూపింది. "అది నాది కాదు. నా మతి సంగతి ఆ మేనేజర్నేం అడుగుతారు, నా చేతిని అడగండి."

తర్వాతి సాక్షి బంగారమ్మ. ఏం చెప్పాలో ప్రభాకరం మనుషులు ఆమెకు ముందే నేర్పి పంపారు. చేతికర్ర పొడుచుకుంటూ బయటికి వెళ్ళిన మాణిక్యమ్మ గారు వరండాలో బెంచీ దగ్గర ఆగడం తెరిచిన తలుపులోంచి నాకు కనిపించింది.

"అన్నం తిన్నావా బంగారం?" అంది. అంతే అంది.

బంగారమ్మ బోనెక్కింది. నన్ను చూపించి ఈ ముడి ఎవరు వేశారని అడిగారు. తలుపులోంచి వరండాలో బెంచీ వైపు చూసింది. "నేనేనండీ. కట్టమన్నది సారు. కట్టింది నేను" అని ఏడ్చింది.

ప్రభాకరానికి శిక్ష పడింది. తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళాక ఆ కేంద్రంలో ఇప్పుడు నలుగురు ఆయాలు ఉన్నారని విన్నాను. తీర్పు చివర నా గురించి ఒక వాక్యం రాశారు: విలువలేని వస్తువు కనుక, అప్పీలు గడువు తీరాక ధ్వంసం చేయవలెను.

"విలువ లేదని ఎవరన్నారే?" అని మాణిక్యమ్మ గారు హైమావతి చేత అర్జీ పెట్టించి నన్ను తిరిగి తెచ్చుకుంది.

ఇంటి అరుగు మీద ఒక ఉదయమంతా కూర్చుని ఆ ముడి విప్పింది. కత్తెర అడగలేదు. తెగిన నా రెండు ముక్కల్నీ కలిపి కుట్టనూ లేదు. ఒకటి చెయ్యి తుడుచుకోవడానికి వాకిట్లో వేలాడుతోంది. రెండోదాన్ని చేతికర్ర పిడికి మెత్తగా చుట్టి, చివర ఒక ముడి వేసింది.

రోజూ పొద్దున్నే ఆవిడ కుడి చెయ్యి నన్ను పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తుంది. ఆ ముడి ఆవిడ వేలికి తగలదు.