టెస్సా ముద్ద ముట్టలేదు

ఒమన్‌లోని బహ్లాలో బయలుదేరేటప్పుడు ముసలి కుక్క టెస్సా తన కాళ్ళతో తనే లారీ ఎక్కింది. మర్నాడు మధ్యాహ్నానికి తల కూడా ఎత్తడం లేదు.

దారిలో వాగు పొంగింది. కొండల్లో ఎక్కడో పడిన వాన ఇక్కడి రోడ్డును కోసేసి, రాళ్ళను దొర్లించుకుంటూ పోతోంది. ఇవతలి గట్టున ఆగిపోయినవి రెండే బండ్లు. ఒకటి శ్రీరామచంద్రమూర్తి ఉన్న లారీ, రెండోది జహీరుద్దీన్ అనే హైదరాబాదు మనిషి నడిపే నీళ్ళ ట్యాంకరు.

మూర్తిది కాకినాడ దగ్గర. ఇక్కడ రోడ్లు వేసే కంపెనీలో స్టోరు చూస్తాడు. కంపెనీ ఇంజనీరు దొరకు జబ్బు ముదిరి విమానంలో మస్కట్ తీసుకుపోయారు. ఆయన కుక్కలు రెండింటినీ ఆ ఊళ్ళోనే అల్ మవాలేలో ఉన్న ఆయన ఇంటికి చేర్చే పని మూర్తి మీద పడింది. దొర తన తిరుగుళ్ళ కోసం లారీ వెనక చెక్కలతో చిన్న గది కట్టించుకున్నాడు. రెండు బల్లలు, ఒక స్టవ్వు, ఒక కిటికీ. మూర్తి, అతని భార్య శేషుకుమారి చెరో బల్ల మీద, కుక్కలు మధ్యన నేల మీద పడుకున్నారు. డ్రైవరు గంగన్నకు ముందు సీటే పడక.

శేషుకుమారి ఒమన్ రావడానికి కంపెనీతో మాట్లాడి ఒప్పించింది ఆ దొరే. స్ట్రెచరు మీద పడుకుని కూడా ఆయన అడిగింది టెస్సా గురించే. ముసలిది, జాగ్రత్త అన్నాడు. చూసుకుంటానని మూర్తి మాట ఇచ్చాడు.

కానీ సామాను ఎక్కించేటప్పుడు కుక్కలకు పెట్టే మాంసం డబ్బాలు వద్దన్నదీ మూర్తే. గదిలో మూలన దేవుడి పెట్టె ఉంది. పైగా శ్రావణమాసం. ఒక్కరోజు ప్రయాణమే కదా, పెరుగన్నం తింటాయిలే అనుకున్నాడు. రెండోది, బ్రూనో అనే పడుచు కుక్క, గిన్నె నాకేసింది. టెస్సా వాసన చూసి మొహం తిప్పుకుంది. దొర చేత్తో పెడితే తినడం దానికి అలవాటని శేషుకుమారి అరచేతిలో ముద్ద పెట్టి చూసింది. అయినా ముట్టలేదు. ఎండకు గది పెనంలా కాలుతుంటే ఆమె పైట తడిపి దాని పొట్ట మీద వేసి, విసురుతూ కూర్చుంది. శ్వాస ఆగి ఆగి వస్తోంది. ఆగినప్పుడల్లా మూర్తి వంగి చూస్తున్నాడు.

విషయం తెలిసి జహీరుద్దీన్ తన ట్యాంకరులోంచి ఎండుచేపలు తెచ్చాడు. లారీకి నాలుగు బారల దూరంలోనే ఆగిపోయాడు.

"చేపలు ఎన్నంటే అన్ని తీస్కోండి మూర్తిసాబ్. దాని నోటి తడి తగిల్తే మాత్రం నాకు నమాజ్ కుదరదు. ఉన్నది ఈ ఒక్క జత బట్టలే."

నువ్వు పెట్టరాదా అన్నట్టు మూర్తి గంగన్న వైపు చూశాడు. గంగన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పొద్దున నీళ్ళు పట్టబోతే టెస్సా అంత నీరసంలోనూ పళ్ళు చూపించింది. ఎప్పుడో గొలుసుతో కొట్టాడట, అది మరచిపోలేదు.

"ఆయనకు కుక్క పడది, మీకు చేప పడది," అన్నాడు గంగన్న బీడీ ఆర్పుతూ. "మంచిగ దొరికిన్రు సారూ ముసల్దానికి, ఇద్దరు దేవుని మనుషులు."

శేషుకుమారి లేచి చేపల కోసం చెయ్యి చాచింది. తెల్లారితే శుక్రవారం, ఆమె వరలక్ష్మి పూజ చేసుకోవాలి. మూర్తి వద్దన్నాడు.

"నేనూ వద్దు, మీరూ వద్దు. మరి అది బతకాలా, అక్కర్లేదా అండీ?" అంది ఆమె, గొంతు పెంచకుండానే.

మూర్తి కిందికి దిగి జహీరుద్దీన్ చేతిలోంచి చేపలు తీసుకున్నాడు. గదిలోకి తెచ్చి గిన్నెలో వేడినీళ్ళు పోసి నానబెట్టాడు. ముల్లు ఎలా తీయాలో తెలియదు. గంగన్న గుమ్మం బయట నిలబడి చెబుతుంటే వేళ్ళతో తడిమి తడిమి ఒక్కొక్కటీ లాగాడు. ఈ కుక్క నోటికి ఈ తిండి రాసిపెట్టినవాడు ఆ పెట్టెలోని దేవుడే కదా అనుకున్నాడు. మరి ఈ వాసన తన దగ్గరికి రాకూడదని ఆయన ఎప్పుడు చెప్పాడు? చెప్పింది ఆయనా, నేనా? తేలలేదు. తేలేదాకా ఆగే వ్యవధి లేదు.

చేపను అన్నంలో వేసి, తను తినే అన్నం కలుపుకున్నట్టే మెత్తగా పిసికాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అరచెయ్యి దాని మూతి కిందికి పోనిచ్చాడు.

టెస్సా కళ్ళు తెరవలేదు. ముక్కు ఒకసారి కదిలింది. మళ్ళీ ఏమీ లేదు. బయట వాగు హోరు పెరిగినట్టనిపించింది. ఆలస్యం చేశానా అనుకున్నాడు మూర్తి. ముద్దను ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

గరుకు నాలుక అరచేతిని తాకింది. ముద్ద అంచు కొంచెం విరిగింది. మింగింది. వెంటనే దగ్గింది. ముల్లు ఉండిపోయిందేమోనని మూర్తి దాని దవడ విప్పి, లోపల వేలు పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. అది ఆ వేలినే నాకింది. తరువాత ముద్ద మొత్తం తిని, ఖాళీ అరచేతిని వదలకుండా నాకుతూ ఉండిపోయింది.

జహీరుద్దీన్ లాల్చీ ఒక పక్కకు ఒత్తిపట్టుకుని, ఎప్పుడు వచ్చాడో గుమ్మం దాకా వచ్చి తొంగి చూస్తున్నాడు. తిన్నదా అని అడిగాడు.

మూర్తి వెనక్కి తిరగలేదు. చెయ్యి తీస్తే టెస్సా మళ్ళీ తల వాల్చేస్తుందేమోనని భయం.

"తింటోంది," అన్నాడు. "ఇంకో రెండు చేపలు ఇవ్వు భాయ్. శేషూ, నీళ్ళు వేడిపెట్టు."