ఎండ మొక్కలకు రెండు పూటలా నీళ్లు

"నీళ్లు పోయకపోయినా బతికే మొక్కల్ని కూడా చంపావంటే, నీ హస్తవాసే హస్తవాసి!" అన్నారు మా ఆయన, డాబా మీదికి వచ్చి కుండీలు చూసి. చేతిలోని ఖాళీ కప్పు పిట్టగోడ మీద పెట్టి కిందికి వెళ్లిపోయారు. అది కడిగేది ఎవరో ఇద్దరికీ తెలుసు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. సాయంత్రందాకా ఎండ దంచికొట్టే డాబా కదా అని ఏరి ఏరి తెచ్చుకున్న మొక్కలివి. కలబంద, బ్రహ్మజెముడు, నాచుపూలు, లావు మొదలున్న ఎడారి గులాబీ. "ఎండ ఉంటే చాలమ్మా, మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు" అని నర్సరీ ఆవిడ చెప్పింది కూడా. తలూపాను గానీ ఇంటికి తెచ్చాక మనసొప్పలేదు. ఇంత ఎండలో పెట్టి నోరెండబెడితే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. గడప దాటిన ప్రతిరోజూ ఇంట్లో ఏదో ఎగ్గొట్టి పోతున్నట్టే ఉంటుంది. "ఉద్యోగాలు వెలగబెట్టే తల్లికి పిల్లాడి ఆకలేం తెలుస్తుందిలే" అనేవారు మా అత్తగారు. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఆ మాట పోలేదు. అందుకే పొద్దున ఓ బకెట్, వచ్చాక ఓ బకెట్. ఆకు పసుపు తిరిగితే పైన ఇంకో చెంబు.

మావాడి విషయంలోనూ అంతే. సూది ఎవరి నరంలోనో ఉండగా ఫోన్ మోగుతుంది. "అమ్మా, నా నీలం చొక్కా ఎక్కడ?" భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, బీరువాలో ఏ అరో చెప్తాను. చేయి చాపుకుని కూర్చున్నాయన గుడ్లప్పగించి చూస్తాడు. మావాడు పసివాడేం కాదు, వచ్చే నెలలో పెళ్లి.

పోయిన ఆదివారం కాబోయే కోడలు వచ్చింది. ఆ పిల్ల మంచినీళ్లు అడిగితే, వంటింటి గుమ్మం పక్కనే కూర్చున్న మావాడు కదలకుండా "అమ్మా, నీళ్లు!" అని కేకేశాడు.

"గ్లాసులెక్కడుంటాయో తనకి తెలీదా ఆంటీ?" అంది ఆ పిల్ల మెల్లగా.

"వాడికెందుకమ్మా తెలియడం? ఇవాళ వాళ్లమ్మ, రేపు నువ్వు!" అన్నారు మా ఆయన. అందరం నవ్వాం. ఎక్కువ నవ్వింది నేనే. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. వాడి వంక కూడా చూడలేదు, నా వంక చూసింది.

ఆయన దిగి వెళ్లాక ఎడారి గులాబీని పట్టి లాగితే వేళ్లు తెగి చేతికొచ్చాయి. నల్లగా, మెత్తగా, కుళ్లు వాసన. దాహంతో చచ్చిన మొక్క కాదిది. నీళ్ల ట్యాంకు వెనక, మేస్త్రీలు వదిలేసిన ఇసుక తొట్టిలో, ఎప్పుడో విరిగితే నేనే పారేసిన నాచుపూల కొమ్మ విరగబూసి ఉంది. దానికి చుక్క నీరు పోసిన పాపాన పోలేదు నేను.

ఇన్నేళ్లూ చాలినంత చేయలేదనే కుమిలిపోయాను. ఎక్కువ చేశానేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ పిల్ల చూపు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చేయని తప్పుకు జన్మంతా జరిమానా కట్టుకుంటూ, అసలు తప్పును పెంచి పెద్దచేసి, పెళ్లి చేసి మరీ ఆ పిల్ల చేతిలో పెడుతున్నాను.

కుళ్లినంత మేరా కత్తితో కోసేసి, మిగిలిన మొదలును ఆరడానికి ఎండలో పెట్టాను. బతుకుతుందో లేదో తెలీదు.

"అమ్మా, నీళ్లు!" కింద నుంచి మావాడి కేక.

కాలు దానంతటదే మెట్టు మీద పడింది. వెనక్కి తీసుకున్నాను. "అమ్మా!" మళ్లీ. పాపం, గొంతెండిపోయిందేమో, నేనసలు తల్లినేనా అనిపించింది. పిట్టగోడను గట్టిగా పట్టుకున్నాను.

"వాడు పిలుస్తుంటే వినపడట్లేదా?" ఆయన అరిచారు. వినపడుతూనే ఉంది.

కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. "అమ్మా, అసలు గ్లాసులెక్కడుంటాయి?"

పై అరలో, ఎడమవైపు. గొంతుదాకా వచ్చిన ఆ జవాబును మింగేసి, "వెతుక్కో నాన్నా" అన్నాను.