పిండలేదన్న మాట

పప్పు వడ్డిస్తూ ఆమని అత్త చేతి వైపు చూసింది. వేలి మీద తెల్లటి గీత ఒకటి కనబడింది. పచ్చరాయి ఉంగరం ఉండాల్సిన చోటు అది. మామ బతికున్న రోజుల్లో చేయించిన ఉంగరం. ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగు నెలలైంది, ఆ వేలిని ఖాళీగా చూడటం ఇదే మొదలు.

అడగబోయి ఆగింది. లక్ష్మమ్మ ముఖం అడగనిచ్చేలా లేదు.

"పొద్దుగాల బండ కాడ ఎవరెవరున్నరే?" అంది లక్ష్మమ్మ, అన్నం కలుపుకుంటూ, ఊరికే అడిగినట్టు.

"నేనున్న అత్తమ్మా. నాకంటె ముందుగాల పైన పిల్ల ఉండె."

"ఊఁ."

ఆమనికి అన్నం సహించలేదు. పెరట్లో నల్లా కింద నల్లరాతి బండ ఉంది. పొద్దున్నే కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కునేటప్పుడు ఉంగరం తీసి ఆ బండ అంచున పెట్టడం అత్తకు అలవాటు. ఇవాళ పెట్టి మరిచిపోయి ఉంటుంది. పోయింది ఉంగరమని మాత్రం చెప్పదు. వస్తువు పేరెత్తితే తీసినవాళ్లు జాగ్రత్తపడతారని లక్ష్మమ్మ నమ్మకం. పొలం ప్లాట్లుగా మారినప్పుడు ఎంతమంది మధ్యవర్తులు వచ్చి కూర్చున్నా ఆమె ఎవరినీ సూటిగా ఒక్క ప్రశ్న వేయలేదని ఆమని భర్త శ్రవణ్ గొప్పగా చెబుతాడు.

పైన పిల్ల అంటే శ్రీదివ్య. భీమవరం దగ్గర ఊరు. శామీర్‌పేట అవతల ఏదో మందుల కంపెనీలో పన్నెండు రోజుల ట్రైనింగ్ ఉందని, తూంకుంటలోని ఈ ఇంటి మేడగదిలో దిగింది. వచ్చిన రోజు భుజాన ఒక్క బ్యాగు తప్ప ఏమీ లేదు.

"పన్నెండు దినాలకు గింతనే సంచా?" అని లక్ష్మమ్మ నోరు వెళ్లబెట్టింది.

"మొయ్యలేను ఆంటీ. ఇవి చాలు," అని నవ్వి మెట్లెక్కింది ఆ పిల్ల.

అప్పటి నుంచే లక్ష్మమ్మకు ఆమె మీద ఒక కన్నుంది. సామాను లేని మనిషి ఎప్పుడైనా లేచిపోవచ్చు కదా.

సాయంత్రం శ్రీదివ్య బస్సు దిగి వచ్చేసరికి లక్ష్మమ్మ వాకిట్లో పుంటికూర తుంచుతోంది. ఆమని చాట పట్టుకుని పక్కన కూర్చుంది.

"బిడ్డా, పొద్దుగాల బండ మీద బట్టలు పిండినవా?"

"లేదాంటీ," అంది శ్రీదివ్య చెప్పులు విప్పుతూ. "నేనసలు పిండను."

"పిండవా?"

"ఎప్పుడూ పిండనండీ. పాడైపోతాయి కదా."

ఆమె మెట్లెక్కిపోయింది. లక్ష్మమ్మ చూపు మెల్లగా తిరిగి ఆమని మీద ఆగింది. కూర తుంచే చేయి మాత్రం ఆగలేదు.

ఆమని పొద్దున్నే తన కళ్లతో చూసింది. ఆ పిల్ల పంజాబీ డ్రెస్సుకు సబ్బు రుద్దుతోంది, బండ నిండా నురగ. అంత పచ్చి అబద్ధం నవ్వుతూ ఎలా చెప్పింది? దొంగ కాకపోతే ఆ బండ దగ్గరికే పోనట్టు ఎందుకు మాట్లాడుతుంది? ఆ పిల్ల పోలేదంటే ఇక మిగిలింది తనొక్కతే.

కాసేపటికి లక్ష్మమ్మ తన చెల్లెలు సిద్దమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వంటింట్లోకి వినపడింది.

"ఏం లేదే. ఇగ ఇంట్లోళ్లనే కనిపెట్టుకోవాలె. కొత్త చేతులొచ్చినయి గదా ఇంట్లకు."

ఆ కొత్త చేతులు పొయ్యి మీద చారు కలుపుతున్నాయి. ఆమనిది మూడుచింతలపల్లి. ఊరి బడిలోనే పది దాకా చదివింది. పుట్టింట్లో గిన్నెలు పోయాయన్నా, పైసలు పోయాయన్నా ఎవరూ ఆమె వైపు చూసింది లేదు. ఇక్కడ ఒక్కసారి దొంగ అన్న పేరు పడితే ముసలిదయ్యేదాకా పోదని ఆమెకు తెలుసు. శ్రవణ్‌కు చెబుదామా అనుకుంది. మేడ్చల్ దిక్కు ప్లాట్ల వెంచర్లు చూపించి అలసిపోయి వస్తాడు. "అమ్మ నిన్నేమన్న అన్నదా?" అని అడుగుతాడు. అనలేదు మరి. అదే కష్టం.

మర్నాడు పదింటికి స్నానం చేసి వచ్చి బీరువాలో తన అర తెరిచింది. చీరలన్నీ ఉన్నాయి. కానీ తను అంచు లోపలికి పోయేలా మడుస్తుంది. పై రెండు చీరల అంచులు బయటికి ఉన్నాయి.

చాలాసేపు వాటినే చూస్తూ నిలబడింది. తర్వాత చీపురు తీసుకుని మేడ మీదికి పోయింది. గది ఊడవడం రోజూ ఉన్నదే. ఇవాళ చీపురు గోడకు ఆనించి, మూలనున్న బ్యాగు జిప్పు లాగింది.

రెండు జతల బట్టలు, ఒక పలచటి తువ్వాలు, చుట్టగా చుట్టిన నైలాన్ తాడు, నాలుగు క్లిప్పులు. అన్నిటికంటే కింద చిన్న పెట్టెలో సగానికి కోసిన బట్టల సబ్బు. ఉంగరం లేదు. పెట్టె, జేబులు, అడుగు అట్ట కింద, అన్నీ వెతికింది. ఎక్కడా లేదు. గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టుకుని, తెల్లారేసరికి విప్పుకునే మనిషి! ఉంగరం అప్పుడే ఎక్కడికో దాటిపోయి ఉంటుందనిపించింది. అన్నీ మళ్లీ సర్ది దిగింది.

ఆ సాయంత్రం శ్రీదివ్య వచ్చి, మేడ మీది బాత్రూంలో నీళ్ల చప్పుడు చేసి ఆపింది. ఆమని ఛాయ్ గ్లాసు వంక పెట్టుకుని పైకి పోయింది. తలుపు తెరిచే ఉంది. నేల మీద తువ్వాలు చాపచుట్టలా చుట్టి ఉంది. శ్రీదివ్య దాని మీద నిలబడి ఒక్కో అడుగూ నొక్కి నొక్కి తొక్కుతోంది.

"ఏం జేస్తున్నవక్కా?"

"రండి ఆమని గారూ. నీళ్లు తీస్తున్నా. లోపల చుడీదార్ ఉంది. ఇలా తొక్కితే నీళ్లన్నీ తువ్వాలే తాగేస్తుంది, పొద్దుటికి ఆరిపోతుంది. పిండితే ముడతలు పడి సాగిపోద్ది. ఇస్త్రీపెట్టె ఎక్కడ మొయ్యను?"

ఆమని గ్లాసు కిటికీలో పెట్టింది. "పిండుడంటే?" రెండు చేతులతో గాలిని మెలితిప్పింది. "గిట్లనా?"

"అవును. ఇంకెలా?"

"మా దిక్కు సబ్బు పెట్టుడు, బండకేసి కొట్టుడు, జాడిచ్చుడు, అంతా కలిపి పిండుడే."

శ్రీదివ్య తువ్వాలు మీద నుంచి దిగింది. "అయ్యో, ఉతకడమా? నిన్న ఆంటీ అడిగింది అదా? ఉతికాను కదండీ, ఆ బండ మీదే!"

ఆమనికి అత్తలా చుట్టూ తిప్పి అడగడం చేతకాలేదు. "బండ మీద ఉంగురం జూసినవా?"

"పచ్చరాయిది? అక్కడే నల్లా పక్క గోడ మేకుకి తగిలించానండీ. సబ్బునీళ్లలో కాలవలోకి జారిపోతుందని. కాకి ఎత్తుకుపోకుండా పైన బ్రష్షు కూడా తగిలించా. చెబుదామంటే బస్సు టైమైపోయింది. సాయంత్రం ఆంటీ మామూలుగా మాట్లాడితే దొరికిందే అనుకున్నా."

కిందికి దిగి లక్ష్మమ్మను పిలుచుకుని ముగ్గురూ పెరట్లోకి పోయారు. బండ రుద్దే బ్రష్షు తీస్తే వెనక మేకుకు ఉంగరం ఉంది. లక్ష్మమ్మ దాన్ని కొంగుతో తుడిచి వేలికి ఎక్కించుకుంది.

"మరి పిండలేదని ఎందుకన్నవు?"

"పిండలేదాంటీ. ఉతికాను."

"రెండు ఒకటే గాదా?"

"మాకు కాదండీ. ఉంగరం చూశావా అని అడిగితే అప్పుడే చెప్పేదాన్ని కదా."

లక్ష్మమ్మ కోడలి వైపు తిరిగింది. "నిన్ను నేనేమన్న అన్ననా? ఒక్క మాటన్న అన్ననా చెప్పు?"

ఆమని దగ్గర మాట తయారుగా ఉంది. నా అరలో చీరల మడతలు ఎవరు మార్చిండ్రు అత్తమ్మా అని. నోరు తెరవబోయింది.

"ఇంకోటి ఆంటీ," అంది శ్రీదివ్య. గొంతు మెత్తగానే ఉంది కానీ నవ్వు లేదు. "ఇవాళ నా బ్యాగు ఎవరో తీశారు. అడుగున ఉండే సబ్బుపెట్టె పైన ఉంది. ఏమన్నా చూడాలంటే నన్నే అడగండి, విప్పి చూపిస్తా. ఉన్నవే మూడు జతలు."

ఆమె చూస్తున్నది లక్ష్మమ్మనే.

"నేనా?" లక్ష్మమ్మ చేయి గుండె మీదికి పోయింది. "మోకాళ్ల నొప్పులతోని మెట్లెక్కి మూడు నెలలాయె. నేనెందుకు తీస్త బిడ్డా?"

శ్రీదివ్య నమ్మినట్టు కనబడలేదు. తల మాత్రం ఊపింది.

ఊరుకుంటే సరిపోయేది. ఆ మాట అత్త మీదే పడి ఉండేది. చెయ్యని పనికి పేరు పడితే ఎట్లుంటుందో ఈ ఒక్కసారన్నా ఆమెకు తెలిసేది. ఆమనికి ఆ ఆలోచన తియ్యగా తగిలింది. అంతలోనే అత్త ముఖం చూసింది. నిన్న సాయంత్రం చాట పట్టుకుని కూర్చున్న తన ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"నేను తీసిన," అంది. "నా అర ఎవరో తీసిండ్రు. అది చూసినంక నేను నీ బ్యాగు తీసిన అక్కా. తప్పు జేసిన."

నల్లా చుక్క చుక్కగా కారుతోంది. శ్రీదివ్య అత్తనూ కోడలినీ మార్చి మార్చి చూసి, "ఛాయ్ చల్లారిపోతుంది," అని పైకి పోయింది.

లక్ష్మమ్మ నల్లా కట్టేసి, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నీ అరకు తాళం లేదు గదా. రేపు మేడ్చల్ పోయినప్పుడు ఒకటి తెమ్మని శ్రవణ్‌కు చెప్పు. తాళంచెవులు రెండొస్తయి," అంది. "రెండూ నీ తాననే పెట్టుకో."